నా కరపత్రం నాకే తిరిగొచ్చింది

పొగమంచులో క్యాబ్ నడపడానికి నాన్న ఇబ్బంది పడుతున్నాడని, మెకానిక్‌ల దోపిడీకి లొంగకూడదని, ఫాగ్ లైట్లు నేనే బిగించాను. ఈ ఉదయం నాన్న పక్క సీట్లో నేనూ ఉండగానే, తిరుమలగిరిలో ఆ వెలుగు కళ్లలో పడి, ఎదురుగా వస్తున్న ఆటో ఫుట్‌పాత్ ఎక్కింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆటో అన్న దిగి జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఎదుటివాడి కళ్లలో వెలుగు కొట్టడం హింస" అంటూ పోయిన వారం నేనే పంచిన కరపత్రం.

"గిది నువ్విచ్చిందే కదా తమ్మీ? జెర మీ బండికి సుత చదివి వినిపియ్!"

నాన్న నా వైపు చూడలేదు. సాయంత్రం నుంచి తంటాలు పడుతున్నా లైట్లు కిందికి వంగడం లేదు, వైరు పీకితే హెడ్‌లైట్లు కూడా ఆరిపోతున్నాయి. రేపు ఐదింటికే నాన్న మళ్లీ బయలుదేరాలి. సైనిక్‌పురి దగ్గర పని తెలిసినవాళ్లుంటే దయచేసి రండి. ఉపన్యాసం ఇవ్వను, టీ ఇస్తాను.