సూసన్ కోసిన సీసాలు

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే శాంతయ్య షెడ్డు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి తిరిగేలా చేయడం ఆయన పని. కూతురు సూసన్ పత్తి మిల్లులో చేసేది. భర్తతో పొసగక పుట్టింటికే వచ్చేసింది. శాంతయ్య కొడుకు బెన్ని ఆటో నడిపేవాడు. తల్లి చిన్నప్పుడే పోవడంతో బెన్నిని ఎత్తుకుని పెంచింది సూసనే.

షెడ్డు పక్కన వైన్ షాపు పడ్డాక ఆ చోటు పాడయింది. పొద్దున్నే మొదలుపెట్టి తాగేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు, కొట్టుకునేవాళ్ళు. ఖాళీ సీసాలన్నీ షెడ్డు వెనక గోడ వారకే వచ్చి పడేవి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ప్లాట్ల బ్రోకరు దిలీప్ తన కారును షెడ్డుకు అడ్డంగా పెట్టి స్నేహితులతో తాగుతున్నాడు. రైతు ఒకాయన మోటారు తీసుకెళ్ళడానికి ట్రాలీ తెచ్చుకుని నిలబడ్డాడు. బెన్ని వెళ్ళి, కారు కొంచెం పక్కకి తీయమని అడిగాడు. దిలీప్ తీయనన్నాడు. మాటా మాటా పెరిగింది. బెన్ని కారు మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. దిలీప్ చేతిలోని బీరు సీసాను బంపరుకేసి బద్దలుకొట్టి, సీసా మెడ పట్టుకుని, ఆ మొనలను బెన్ని గొంతులో దించాడు.

అన్నం క్యారేజీతో అప్పుడే వచ్చిన సూసన్ అది కళ్ళారా చూసింది. తండ్రి నడపగా, తమ్ముణ్ణి అతని ఆటోలోనే వేసుకుని ఆస్పత్రికి బయలుదేరింది. చున్నీ మడతపెట్టి గొంతు మీద అదిమి పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం వస్తూనే ఉంది. బెన్ని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చేసరికే ప్రాణం పోయింది.

దిలీప్‌ను పోలీసులు పట్టుకెళ్ళారు. సమాధుల దొడ్లో బెన్నిని పెట్టి వచ్చిన మర్నాడు సూసన్ షెడ్డులోంచి ఇనప కడ్డీ తీసుకుని వైన్ షాపు మీదికి వెళ్ళింది. దొరికిన పెట్టెనల్లా బాదింది. కౌంటరు మీది సీసాలు, అరల్లోని సీసాలు అన్నీ పేలిపోయాయి. షాపువాళ్ళు ఆమెను రోడ్డు మీదికి ఈడ్చి కాళ్ళతో తన్నారు. రెండు పక్కటెముకలు విరిగాయి. స్టేషన్‌లో ఎస్సై ఆమె మొహం చూసి కేసు రాయకుండా పంపేశాడు.

ఆ తర్వాత షెడ్డు వెనక పడ్డ సీసాల మీద పడింది. పొద్దున లేవగానే ఒక్కొక్కటీ తీసి గోడకేసి కొట్టేది. గాజు పెంకులు ఎగిరొచ్చి మోచేతులు కోసుకుపోయినా ఆగేది కాదు. మిల్లుకు వెళ్ళడం మానేసింది. శాంతయ్యేమో మాట్లాడటం మానేశాడు. బల్ల మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండేవాడు. ఒకనాడు నీళ్ళకని వెనక్కి వెళ్తే పెంకు ఆయన పాదంలో లోతుగా దిగింది. సూసన్ కట్టు కడుతూ ఏడ్చింది. కొడుకు పోయాక ఆమె కన్నీళ్ళు చూడటం ఆయనకు అదే మొదలు.

కుంటుకుంటూనే ఆయన పనిలోకి దిగాడు. చెక్క ముక్కలతో చిన్న చట్రం కొట్టాడు. పాత ఫ్యాను బేరింగులు బిగించాడు, వాటి మీద సీసాను పడుకోబెడితే గుండ్రంగా తిరుగుతుంది. అద్దాలవాళ్ళు వాడే చిన్న ఉక్కు చక్రాన్ని ఒక పక్క అమర్చాడు. సీసాను దానికి ఆనించి తిప్పితే చుట్టూ సన్నటి గీత పడుతుంది. గీత మీద వేడినీళ్ళు, వెంటనే చన్నీళ్ళు పోస్తే గాజు అక్కడికే తెగుతుంది. కూతుర్ని పిలిచి చట్రం ముందు కూర్చోబెట్టాడు.

“ఎట్టాగూ పగలగొడతన్నావు. తిన్నగా పగలగొట్టమ్మా, అంతే” అన్నాడు.

మొదట్లో అన్నీ అడ్డదిడ్డంగా చీలేవి. ఆమె చెయ్యి బిగుసుకుపోయి ఉండేది, గీత మీద గీత పడేది. తీగ చుట్టేటప్పుడు ఎంత బలం పెడతామో అంతే పెట్టమని తండ్రి పక్కన కూర్చుని చెప్పేవాడు. చివరికి ఒక పచ్చ సీసా టక్కుమని తెగి, రెండు ముక్కలు శుభ్రంగా ఆమె చేతుల్లోకి వచ్చాయి. సూసన్ చాలాసేపు ఆ అంచునే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు గోడకేసి ఏమీ కొట్టలేదు.

మోటారుకు సానరాయి బిగించి అంచులు అరగదీయడం, నీళ్ళు పోస్తూ రాగి గొట్టం ముక్కతో గాజుకు చిల్లి పెట్టడం నెమ్మదిగా వచ్చాయి. తెగిన సీసాల్లో బల్బులు పెట్టి వేలాడదీసింది. మనీ ప్లాంటు పెట్టుకునే కుండీలు, గోడకు తగిలించే దీపాలు చేసింది. కంచికచర్ల దగ్గర హైవే మీద ఒక డాబావాళ్ళు వరండా అంతా ఆమె లైట్లే కట్టించుకున్నారు. అక్కడ తిని వెళ్ళినవాళ్ళు అడ్రసు కనుక్కుని షెడ్డుకు వచ్చేవాళ్ళు.

అప్పుడు దిలీప్‌కు బెయిలు వచ్చింది. కేసులో ముఖ్య సాక్షి సూసనే. రాజీకి రమ్మని ముందు మనుషుల్ని పంపాడు. ఆమె ఒప్పుకోలేదు. విచారణ దగ్గర పడ్డాక, మిట్టమధ్యాహ్నం, ఇద్దరిని వెంటేసుకుని తనే వచ్చాడు. షెడ్డులోకి వస్తూనే అరలను తన్ని పడేశారు. చేసి పెట్టిన దీపాలన్నీ నేల మీద నుగ్గయ్యాయి. అడ్డం వచ్చిన శాంతయ్యను దిలీప్ సీసా తీసి చెవి మీద కొట్టాడు. ముసలాయన గాజు పెంకుల్లోనే కూలిపోయాడు.

దిలీప్ సూసన్ జుట్టు పట్టుకుని బల్లకేసి ఆమె మొహం అదిమాడు. ఏమీ చూడలేదని కోర్టులో చెప్పమన్నాడు. ఆమె చేతికి అప్పుడే కోసిన సీసా తగిలింది, అంచు ఇంకా అరగదీయలేదు. ఒక్క విదిలింపున తిరిగి దాన్ని అతని గొంతు కింద పెట్టింది. చర్మం తెగి రక్తం కారింది. దిలీప్ కదల్లేదు. వెంట వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. ఇంకొంచెం నొక్కితే చాలని ఆమెకు తెలుసు. నొక్కాలనే ఉంది.

కింద పడి ఉన్న శాంతయ్య తల ఎత్తాడు. మొహమంతా రక్తం.

“తియ్యమ్మా. వాడు కోర్టుకి రావాలి” అన్నాడు.

సూసన్ తీసేసింది. తీసిందో లేదో దిలీప్ మళ్ళీ ఆమె గొంతు పట్టుకోబోయాడు. ఆమె అదే గాజుతో అతని మణికట్టు అడ్డంగా కోసింది. నరాలు తెగాయి. అతను చెయ్యి పట్టుకుని అరుస్తూ రోడ్డు మీదికి పరిగెత్తాడు. వెంట వచ్చినవాళ్ళు అతన్ని కార్లో వేసుకుని పోయారు. సూసన్ తండ్రి తలను ఒళ్ళో పెట్టుకుని, చుట్టుపక్కలవాళ్ళు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

సాక్షిని బెదిరించినందుకు దిలీప్ బెయిలు రద్దయింది. సూసన్ మీద కూడా కేసు పెట్టారు. ప్రాణం కాపాడుకోవడానికే చేసిందని తేలి తర్వాత కొట్టేశారు. అసలు విచారణలో దిలీప్ తరఫు లాయరు ఆమెను నిలదీశాడు. ఈమె కూడా సీసాతో మనిషిని కోసినదే, కక్షతో సాక్ష్యం చెబుతోందన్నాడు.

“కోసానండి” అంది సూసన్. “గొంతు మీద పెట్టి తీసేసా కూడా. మా తమ్ముడికి ఈయన తియ్యలేదు.”

జడ్జిగారు ఆ మాట రాయించుకున్నారు. దిలీప్‌కు యావజ్జీవం పడింది. తీర్పు విని బయటికి వచ్చాక సూసన్‌కు సంతోషం కలగలేదు. కోర్టు మెట్ల దగ్గర వాంతి చేసుకుంది. శాంతయ్య వీపు నిమురుతూ నిలబడ్డాడు. ఆయనకు ఒక చెవి పూర్తిగా పోయింది. దిలీప్‌ను కోసినందుకు బాధపడుతున్నావా అని పాస్టరుగారు అడిగితే, లేదనే చెప్పింది. గొంతు మీదనుంచి తీసినందుకు బాధపడిన రోజులు మాత్రం ఉన్నాయంది. ఆయన ఆమె కోసం ప్రార్థన చేశారు.

నందిగామ షెడ్డు ఖాళీ చేసి తండ్రీకూతుళ్ళు జగ్గయ్యపేట వచ్చేశారు. ఇప్పుడు ఆమె దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పని నేర్చుకుంటున్నారు. మొన్న వేదాద్రి దారిలో సీతారావమ్మ అనే ఆవిడ కొత్త ఇంటికి మెట్ల మీద వరుసగా వేలాడే లైట్లు చేసింది. బిగించడానికి తనే వెళ్ళింది. ఇంట్లో పిల్లలు ఎక్కువ, ఇవి పగిలిపోవు కదా అని ఆవిడ సందేహంగా అడిగింది.

“పడేస్తే పగులుద్దండి. గాజే కదా” అంది సూసన్. “చేతికి అందకుండా పైకి కడతాలెండి.”

నిచ్చెన అడిగి తీసుకుని పైకెక్కింది.