పెరుగన్నం దగ్గర బిల్లు

ఫ్రెంచి భాషలో నాకు ముందుగా వచ్చినవన్నీ ఆఖరి మాటలే. బిల్లు అడిగేటప్పుడు, డబ్బు చేతికిచ్చేటప్పుడు, కొట్టు గుమ్మం దిగేటప్పుడు అనే మాటలు. పలకరించడం, దారి అడగడం, ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడం రాకముందే నాకు సెలవు తీసుకోవడం వచ్చేసింది. కారణం చెదపురుగులు.

మూసీ ఒడ్డున ఉన్న పెద్ద గ్రంథాలయంలో దొరికింది ఆ పుస్తకం. ప్రయాణాలు చేసే ఇంగ్లీషువాళ్ల కోసం ఎప్పుడో వేసిన ఫ్రెంచి మాటల పుస్తకం. పక్కనే ప్రతి మాటనూ ఎలా పలకాలో చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అట్ట లేదు, మొదటి సగమూ లేదు. ఇంటికి తీసుకెళ్తానంటే గ్రంథాలయంలో పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ముందు సగం చెదలు తిన్నాయమ్మా, మిగిలింది నువ్వు తిను” అన్నాడు.

తినేశాను. నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయాల్లో బల్లల దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. నక్షత్రాల మీద, తేనెటీగల పెంపకం మీద, ఏ దేశం రాజు ఏ దేశం రాజుకి మేనల్లుడన్న దాని మీద, ఏది దొరికితే అది చదివాను. గర్వంగానే చెబుతున్నాను, చెప్పకుండా వినయం నటించడం నాకు చేతకాదు. అయితే పుస్తకంలో నేర్చుకున్నదానికి ఒక లోటుంది. అది తప్పో ఒప్పో చెప్పడానికి ఎదురుగా మనిషి ఉండడు. ఆ రోజుల్లో నా భయమంతా అక్కడే మొదలైంది.

అప్పుడు నేను మాదాపూర్‌లో ఒక మెస్సులో గల్లాపెట్టె దగ్గర పనిచేసేదాన్ని. కింద భోజనాలు, పైన నాలుగు గదులు. గదులు సాఫ్ట్‌వేర్ కంపెనీల అతిథులకు అద్దెకిచ్చేవారు. డాబా మీద ఉన్న చిన్న గది నాకిచ్చారు, జీతంలో భాగంగా. చుట్టూ అన్నీ బండలే. గుండ్రటి కొత్త భవనం ఒక్కటే ఎత్తుగా కనిపించేది. మిగిలినవి ఇంకా బండల కిందే ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకి ఎర్రజెండా పట్టుకున్న మనిషి విజిల్ ఊదేవాడు. ఆ తర్వాత బండలు పగలగొట్టే పేలుడు. కిటికీ అద్దాలు గజగజలాడేవి, గ్లాసుల్లో నీళ్లు వణికేవి. ఎన్నాళ్లు విన్నా ఆ విజిలుకీ పేలుడుకీ మధ్య నా ఊపిరి ఆగిపోయేది.

యజమాని అనంతపురం వైపు మనిషి. మంచివాడే గానీ గొంతు పెద్దది. ఒకసారి గల్లాపెట్టె పక్కన ఆ సగం పుస్తకం చూసి, “ఏం పాపా, ఏం చదువుతాండావు?” అని అడిగాడు. ఫ్రెంచి అన్నాను. ఒక ముక్క చెప్పమన్నాడు. “లాదిస్యోఁ, సిల్ వు ప్లే” అన్నాను. బిల్లు తెస్తారా, దయచేసి, అని అర్థం చెప్పాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. కానీ నాలుగు రోజుల్లో ఆ మాట ఒక కంపెనీ దాకా వెళ్లింది, మా మెస్సులో ఫ్రెంచి వచ్చిన అమ్మాయి ఉందని.

ఆ కంపెనీకి ఫ్రాన్సు నుంచి ఒకావిడ రాబోతోంది, ఇక్కడి వాళ్లకి పని నేర్పించడానికి. ఆవిడకి మా దగ్గర సుఖంగా ఉంటే ఏడాది పొడుగునా నాలుగు గదులూ వాళ్లే తీసుకుంటారట. లేకపోతే బంజారాహిల్స్‌లో హోటళ్లు ఉండనే ఉన్నాయి. యజమాని నన్ను పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. గదులు నిండకపోతే పైఅంతస్తు మూసేస్తాడు. మెస్సు ఒక్కదానికైతే గల్లాపెట్టె తనే చూసుకుంటాడు. అప్పుడు నేను ఇంకోచోటు వెతుక్కోవాలి. ఆ ఊళ్లో నాకు ఇంకోచోటు లేదు. పనీ గదీ ఒకే తాళానికి ఉన్నాయి.

ఆవిడ వచ్చిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, భుజానికి గుడ్డ సంచీ. పేపర్లోనో ఎక్కడో చదివిన పలకరింపు, “బోఁజూర్”, ఒకటి ఉంది కదా, అది అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. గబగబా ఏదో పెద్ద వాక్యం మాట్లాడింది. అందులో ఒక్క మాట కూడా నా సగం పుస్తకంలోది కాదు. యజమాని పక్కనే నిలబడి నా నోటివంకే చూస్తున్నాడు. నోట్లో ఉన్నదేదో అదే బయటికొచ్చింది. “మెర్సి, మదామ్. బొన్ జుర్నే.” కృతజ్ఞతలండి, మీ రోజు బాగా గడవాలి.

అప్పుడే గుమ్మం ఎక్కిన మనిషికి నేను వీడ్కోలు చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, నవ్వి, మెట్లెక్కి వెళ్లిపోయింది. “బాగా మాట్లాడుకుంటాండారే” అన్నాడు యజమాని.

మా మెస్సు పద్ధతి గురించి ఇక్కడ చెప్పాలి. హైదరాబాదులో ఆ రోజుల్లో మెస్సుల్లో అంతటా అదే పద్ధతి. భోజనానికి కూర్చున్నవాడి కుర్చీ వెనక, తరువాత తినాల్సినవాడు వచ్చి నిలబడతాడు. కుర్చీ వీపు మీద చెయ్యి కూడా వేస్తాడు. తినేవాడు పప్పులో ఉన్నాడా, చారులోకి వచ్చాడా అని వెనకనుంచి చూస్తుంటాడు. ఎవరూ తప్పుపట్టరు. తినేవాడు పెరుగన్నం కలుపుతుండగానే వడ్డించే అన్న బిల్లు చీటీ తెచ్చి నీళ్లగ్లాసు కింద పెడతాడు. అది పొమ్మనడం కాదు. అతను లేచేసరికి ఆలస్యం కాకుండా ఉండాలని. మా అందరికీ అది మర్యాదే.

ఆవిడకి మాత్రం యజమాని ప్రత్యేకం చేయించాడు. చీటీ నేనే తీసుకెళ్లాలి, బల్ల దగ్గరే డబ్బు పుచ్చుకోవాలి, ఫ్రెంచిలో మాట్లాడాలి. నేను అలాగే చేశాను. ఆవిడ పెరుగు కలుపుకోగానే వెళ్లి చీటీ పెట్టి, డబ్బు తీసుకుని, పుస్తకంలో సేవకుడు చెప్పినట్టే అన్నీ అప్పజెప్పేదాన్ని. “మెర్సి, మదామ్. బొన్ జుర్నే. ఓ రెవ్వార్.” చివరిది వెళ్లి రండని. ఆవిడ తలెత్తి నాకేసి చూసేది. చెంచా కింద పెట్టేది. “మెర్సి” అని లేచి వెళ్లిపోయేది. విస్తరిలో పెరుగన్నం సగం, అరటిపండు మొత్తం అలాగే ఉండేవి. ఫ్రెంచివాళ్లు తక్కువ తింటారు కాబోలు అనుకున్నాను. ఎక్కడో చదివినట్టు కూడా అనిపించింది.

రెండో వారంలో కంపెనీ ఆఫీసరు వచ్చాడు. గోదావరి జిల్లాల కుర్రాడు, మెత్తగా మాట్లాడతాడు. ఆవిడ ఫిర్యాదేమీ చెయ్యలేదండి, అన్నాడు. కాకపోతే తను కూర్చోవడం ఇక్కడివాళ్లకి ఇబ్బందిగా ఉన్నట్టుందని అందట. ఇంకోచోట భోజనం చెయ్యొచ్చా అని అడిగిందట. “ఎల్లుండి నేనూ ఆవిడతో కూర్చుని తింటానండి. చూసి చెబుతాను” అన్నాడు, నాకేసి కాకుండా గోడ మీది క్యాలెండరుకేసి చూస్తూ.

అతను వెళ్లాక యజమాని గొంతు పెంచలేదు. దానికి ఇంకా భయం వేసింది. “ఆ యమ్మతో ఏమంటాండావు నువ్వు?” అని మాత్రం అడిగాడు. చెప్పాను. ఆయనకి అందులో తప్పు కనిపించలేదు, నాకూ కనిపించలేదు. తప్పేమిటో తెలిసుంటే అంత భయపడేదాన్ని కాదు. అసలు ఆ పుస్తకంలో ఉన్న భాషే తప్పేమో, నేను రోజూ ఆవిడని ఏ బూతు మాట అంటున్నానో అని కూడా అనుమానం వచ్చింది. సాయంత్రం డాబా గదిలో కూర్చుంటే, పెట్టె సర్దుకోవాల్సి వస్తే ఏవి ముందు పెట్టాలో మనసు దానంతటదే లెక్కలు వేస్తోంది. పుస్తకాలు అడుగున పెట్టాలి, బట్టలు పైన.

పుస్తకం మళ్లీ తెరిచాను. ‘భోజనశాలలో’ అన్న భాగం. అందులో వాక్యాలన్నీ నాటకంలోలాగా ఉంటాయి. ప్రతి మాట ముందూ ‘అతిథి’ అనో ‘సేవకుడు’ అనో రాసి ఉంటుంది. ఎన్నిసార్లు చదివానో. మాటలు కంఠస్థం చేశాను గానీ, ఎవరు ముందు నోరు విప్పుతారో ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం చూశాను. బిల్లు మాట ఎక్కడొచ్చినా ముందు అనేది అతిథే. అతిథి అడిగేదాకా సేవకుడి పేరే ఉండదు. అడిగాక “తు ద స్విత్” అంటాడు, ఇప్పుడే తెస్తానని. సెలవు కూడా అంతే. ముందు అతిథి లేవాలి, ఆ తరువాతే సేవకుడి నోట్లోంచి వీడ్కోలు.

మనింట్లో చుట్టాలని “వెళ్లండి” అనం. వాళ్లు “వెళ్లొస్తాం” అన్నాకే “మంచిది, రండి” అంటాం. అది పుట్టినప్పటినుంచీ తెలిసినదాన్ని, అన్నం తింటున్న మనిషికి రోజూ నిలబడి వీడ్కోలు చెప్పాను. సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే భయం పెద్దది. ఇది నేను ఊహించుకున్నది మాత్రమే. పుస్తకంలో రాయనిదాన్ని పుస్తకంలో చదివానని అనుకుంటున్నాను. అది తప్పయితే?

ఆఫీసరు భోజనానికి వచ్చిన రోజు మెస్సు కిటకిటలాడుతోంది. ఇద్దరూ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. వడ్డించే అన్న శేరిలింగంపల్లి మనిషి. పప్పు, వంకాయ, చారు, అన్నీ అయ్యాయి. పెరుగు వచ్చింది. అలవాటు ప్రకారం చీటీ తెచ్చి నా చేతికిచ్చాడు. నేను దాన్ని పిడికిట్లో పెట్టుకుని గల్లాపెట్టె వెనకే నిలబడ్డాను.

“ఏంది చెల్లె, పోతలేవు?”

“ఆవిడ అడగాలన్నా.”

అతను నాకేసి ఒకసారి, యజమానికేసి ఒకసారి చూసి సాంబారు బకెట్టు పట్టుకుని అటు వెళ్లిపోయాడు.

ఆవిడ పెరుగన్నం నెమ్మదిగా తిన్నది. పూర్తిగా తినడం అదే మొదటిసారి చూశాను. అరటిపండు తొక్క తీసింది. ఆఫీసరుతో ఇంగ్లీషులో ఏదో చెబుతోంది. చీటీ రాలేదని ఆవిడ గమనించిందో లేదో తెలియలేదు. కుర్చీల వెనక నిలబడ్డవాళ్లు బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటున్నారు. అందులో ఒకాయన అన్నని పిలిచి, “ఏందన్నా, మేడం కుర్చీ కిరాయికి తీస్కుందా?” అన్నాడు.

“పైన రూము, కింద కుర్చీ, రెండూ ఆమెవే. మీరు జర ఓపిక పట్టుండ్రి సార్” అన్నాడు అన్న. నలుగురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ నవ్వుకి ఆవిడ తిరిగి చూసింది, తన గురించేనని అర్థమైనట్టుగా. ఇక లేచిపోతుందేమో అనుకున్నాను. లేవలేదు.

బయట విజిల్ మోగింది. ఎప్పటిలాగే నా ఊపిరి ఆగింది. యజమాని నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“జనం నిలబడుకోనుండారు. చీటీ ఆడ పెట్టి రా పాపా.”

“ఆవిడ అడగాలి సార్.”

“అడక్కపోతే?”

దానికి పుస్తకంలో జవాబు లేదు. పేలుడు అప్పుడే వినిపించింది. అద్దాలు కదిలాయి, ఆవిడ గ్లాసులో నీళ్లు అలలు కట్టాయి. ఆవిడ గ్లాసు మీద అరచెయ్యి పెట్టి, ఆ వణుకు ఆగేదాకా ఉంచింది. పిడికిట్లో చీటీ చెమటకి తడిసిపోయింది. యజమాని నా చేతికేసి చెయ్యి చాచాడు. ఇవ్వలేదు. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందని తర్వాత చాలామంది అడిగారు. ధైర్యం కాదది, వేళ్లు బిగుసుకుపోయాయి.

అప్పుడు ఆవిడ కుర్చీలో పక్కకి తిరిగి, నన్ను వెతుక్కుని, చూపుడువేలు కొంచెం ఎత్తింది.

“లాదిస్యోఁ, సిల్ వు ప్లే.”

ఆ వాక్యాన్ని నేను వందలసార్లు అనుకున్నాను. ఇంకో మనిషి నోట వినడం అదే మొదలు. నేను అనుకున్నదాని కంటే చాలా మెత్తగా ఉంది. “తు ద స్విత్, మదామ్” అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. బల్ల దాకా నడిచి, నలిగిన చీటీని సాపు చేసి పెట్టాను. ఆవిడ దాని నలుగుళ్లని చూసి, నా మొహం చూసింది. డబ్బు పెట్టి, వడ్డించే అన్నకేసి తల ఊపి, “గార్దే లా మొనే” అంది, చిల్లర ఉంచుకోండని. “మెర్సి, మదామ్” అన్నది నా వంతు. అన్నాను. ఆ తర్వాత నోరు మూసుకున్నాను. నోటిదాకా వచ్చిన వీడ్కోలుని పళ్ల వెనకే ఆపుకోవడం ఆ రోజు చేసిన పనులన్నింటిలో కష్టమైంది.

వాళ్లు లేచారు. ఆ రెండు కుర్చీల్లో ఇద్దరు అప్పటికే కూర్చున్నారు. ఆఫీసరు చెప్పులు తొడుక్కుంటూ ఎవరికేసీ చూడలేదు. అతని మొహంలో నాకేమీ దొరకలేదు. యజమాని గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ గడప దాటి, ఎండలోకి ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగింది.

“ఓ రెవ్వార్, మద్‌మ్వాజెల్. ఆ దమాఁ.”

పుస్తకంలో చివరి పేజీలో ఉందా మాట, అచ్చు కాస్త చెరిగిపోయి. అక్కడున్న అంతమందిలో దాని అర్థం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆఫీసరుకీ తెలియదు. జవాబుగా అదే మాట తిరిగి అన్నాను, సగం గొంతుతో.

“ఏమనింది?” అన్నాడు యజమాని.

“రేపు కలుద్దామంది సార్. రేపు వస్తుంది.”

“ఈడికేనా?”

“ఇక్కడికే.”

ఆయన ఇంకోసారి అడిగాడు. నేను ఇంకోసారి చెప్పాను. తరువాత బిల్లు కట్టడానికి వచ్చినాయన ఇచ్చిన చిల్లర నా వేళ్ల మధ్యనుంచి జారి, బల్ల మీద పడి కిందకి దొర్లిపోయింది. “ఫికర్ చెయ్యకు చెల్లె” అంటూ అన్న కిందకి వంగి వెతకసాగాడు.