చిటపటమ్మ

ల్యాబులో అందరూ ఆమెను చాటుగా చిటపటమ్మ అంటారు. నోటి, గొంతు క్యాన్సర్లలో జన్యువులను పనిచేయించే, ఆపే ఎంజైములు ఎందుకు అదుపు తప్పుతాయో వెతకడం ఆమె పని. చేతి గ్లౌజులు విప్పినా ఎవరినో తిడుతున్నట్టే లాగి పారేస్తుంది. ఆ రోజు, కొత్తగా చేరిన పరిశోధకుడు తెర మీద నోటి కణితి ముక్కలో ఎర్రగా వెలిగిన ఎంజైమును చూసి, "ఎంత అందమైన కణితి మేడమ్" అన్నాడు. ఆమె కుర్చీ వెనక్కి తన్ని లేచింది.

"మా అన్నయ్యకి ఇదే జబ్బుతో నాలుక తీసేశారు. పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా చేత్తో చూపిస్తాడు. ఇంకోసారి అందం అన్నావంటే ఊరుకోను."

అతను తల దించుకుని, "ఈ ఎంజైముని ఆపే మందు ఆయనకి ఇవ్వలేదా మేడమ్?" అన్నాడు.

"అది ఇంకా పుట్టలేదు. పుడితే నీతో ఇక్కడ గొడవెందుకు పడతాను?" అంటూ ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, తెర వైపు కొరకొర చూస్తూ కూర్చుంది.