విప్పడానికే కుట్టిన చొక్కాలు

మా మేనత్తది దర్జీ దుకాణం. ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు, అందరికీ కొలతలమ్మే. ముప్పై ఏళ్లలో తను కుట్టిన గుండీ ఒక్కటి కూడా ఊడలేదన్నది ఆవిడ గొప్ప. నేను ఆ దుకాణంలో పని నేర్చుకుంటున్న మేనకోడలిని. ఒక్క కుట్టు వంకర పోయినా మొత్తం విప్పించి మళ్లీ కుట్టించేది. అక్కడ మూడేళ్లు నిలిచినందుకు నా మెడలో నేనే దండ వేసుకోవాలి.

ఒకరోజు బ్యాంకులో పనిచేసే ఒకావిడ పంజరం పట్టుకుని వచ్చింది. లోపల పావురమంత మకావ్ చిలుక. చిన్న జాతిదట. ఆకుపచ్చ తల, తెల్లని బుగ్గలు, నల్లని ముక్కు బాగానే ఉన్నాయి. మెడ కింద నుంచి మాత్రం ఒళ్లంతా చర్మమే, అక్కడక్కడా కాస్త నూగు. రెక్కల్లో పెద్ద ఈక ఒక్కటీ లేదు.

"తన ఈకలు తనే పీక్కుంటోందండీ. చర్మం కనపడకుండా చొక్కాలాంటిది కుట్టగలరా? నాకు బదిలీ అయింది. ఈ అవతారంలో దీన్ని ఎవరూ తీసుకోనంటున్నారు" అంది ఆవిడ.

అత్త కొలత తీయబోతే ఆ పిట్ట టేపు కొసను కాలితో పట్టుకుని వదల్లేదు. అత్త లాగింది. అదీ లాగింది.

"చొక్కా కుడతాను. దీన్ని మాత్రం ఇక్కడే వదిలెయ్యండి" అంది అత్త.

అత్తకు మతి పోయిందనుకున్నాను. ఆ పిట్టకు బోడిగాడని పేరు పెట్టి తిట్లు కూడా తిన్నాను.

మర్నాడే పక్షుల్ని కూడా చూసే పశువుల డాక్టరుకు చూపించాం. "రోజంతా ఒంటరిగా, ఏ పనీ లేకుండా ఉండి పట్టిన అలవాటమ్మా ఇది. మానకపోతే పుండ్లు పడి చచ్చిపోతుంది. మానినా, ఈకల కుదుళ్లు పాడైపోయి ఉంటే మళ్లీ రావు. ఆశ పెట్టుకోకండి" అన్నారాయన.

మెట్లు దిగుతూ అత్త రుసరుసలాడింది. "మందు రాయమంటే నా ఆశ సంగతి ఈయనకెందుకు?"

నాలుగు రోజులు కూర్చుని చొక్కా కుట్టింది. మందపాటి నూలుగుడ్డ, ఆరు చెక్కగుండీలు, రెండు పేటల దారం. పొద్దున తొడిగాం. సాయంత్రానికి గుండీలు ఆరూ నేల మీదున్నాయి, చొక్కా పీలికలైంది. ముప్పై ఏళ్ల పరువు ఒక్క పూటలో మంటగలిసిందని కడుపు పట్టుకుని నవ్వాను.

అత్త నవ్వలేదు, కోప్పడలేదు. చీపురు పట్టుకుని ఆ పీలికల ముందు గొంతుక్కూర్చుంది.

"ఏమే, ఇందులో ఈక ఏదే?"

నిజమే. రోజూ అది పీకేసిన నూగు చిటికెడైనా ఊడ్చేవాళ్లం. ఆ రోజు ఒక్కటీ లేదు.

"దీనికి కావలసింది బట్ట కాదే, పని" అంది అత్త.

అప్పటినుంచి రోజుకో చొక్కా. పొడవు దారాలు కాళ్లకు చుట్టుకుంటాయని డాక్టరు మందలిస్తే, దారం మానేసి గుడ్డముక్కలనే ముడులేసి బిగించింది. పంజరం అత్త మిషను పక్కకు చేరింది. "మరీ గట్టిగా ముడెయ్యకే, విసుగొస్తుంది దానికి" అని ఆ నోటితోనే అంటుంటే నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. "మా బట్టలకంటే పిట్ట చొక్కా ఎక్కువైపోయిందా?" అని ఒకాయన గొడవకు దిగితే, అత్త తలెత్తకుండానే "అవునండీ" అంది.

మూడో నెలలో వీపు మీద ముళ్లలాంటి మొలకలొచ్చాయి. సరిగ్గా అప్పుడే అత్తకు జ్వరం వచ్చింది. దుకాణం నా నెత్తిన పడింది. పని హడావుడిలో రెండు రోజులు చొక్కా మాట మర్చిపోయాను. మూడో రోజు చూస్తే మొలకలన్నీ పీకేసుకుంది, వీపు మీద రక్తం. నాకు ఏడుపాగలేదు. అత్త దుప్పటి కప్పుకునే వచ్చి చూసింది. ఆ జ్వరంతోనే కత్తెర తీసుకుని గుడ్డముక్కలు కత్తిరించసాగింది. నేనూ పక్కన కూర్చుని ముడులు వేశాను. ఆ రోజు తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు.

ముందు వీపు మీద ఆకుపచ్చ ఈకలు నిండాయి. తర్వాత రెక్క మడత దగ్గర ఎర్రటి అంచు తేలింది. తొమ్మిదో నెలలో మళ్లీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన ఒక రెక్క చాపి పెద్ద ఈకలు ఒక్కొక్కటే వేలితో తడిమి చూశారు. రెండో రెక్క చాపబోతుంటే పిట్ట ఆయన చేతిలోంచి జారి బల్ల అంచు దాటింది. పట్టుకోవడానికి చేతులు చాచాను.

అది కింద పడలేదు. రెండు రెక్కలూ టపటపా కొట్టుకుంటూ, బల్లమీది కాగితాలు చెల్లాచెదురు చేసి, గదంతా ఒక చుట్టు చుట్టి అత్త భుజం మీద వాలింది.

"ఎగిరింది! నా పిట్ట ఎగిరిందండీ!" అత్త నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కుక్కలతో, పిల్లులతో బయట కూర్చున్నవాళ్లంతా లేచి గుమ్మంలోకి వచ్చారు. ఆ క్షణంలో మా అత్తంత గొప్ప మనిషి ఎక్కడా లేదనిపించింది నాకు.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, "నేను పొరబడ్డానమ్మా" అన్నారు మెల్లగా.

"కాస్త గట్టిగా చెప్పండి. వీళ్లందరికీ వినపడాలి" అంది అత్త.

ఆయన గుమ్మం దాకా వచ్చి, గొంతెత్తి, మరోసారి చెప్పారు.