రన్‌వే మీద వజ్రమ్మ

శ్యాంసుందర్ గొంతు వినగానే వజ్రమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్లయినా ఆ గొంతు మారలేదు. మాటకు ముందు సన్నగా దగ్గడం, చివరి అక్షరాన్ని సాగదీయడం, అన్నీ అవే.

అది 2021 జనవరిలో ఒక ఆదివారం పొద్దున. సూరత్ బమ్రోలిలోని రెండు గదుల ఇంట్లో మనవరాలు ఇందుజ గోడకు ఆనుకుని ఫోనులో తెలుగు సంఘం మీటింగు చూస్తోంది. లాక్‌డౌన్‌లో సంఘం తరఫున బియ్యం సంచులు పంచడానికి వెళ్లింది కనుక ఆ పిల్ల నంబరు గ్రూపులో ఉంది. కరోనా వల్ల సభలు లేవు. పెద్దమనుషులంతా ఫోనులో తలా ఒక గడిలో కూర్చుని మాట్లాడుతున్నారు. సూరత్‌కు తొలిరోజుల్లో వచ్చిన విమానాల గురించి పాతవాళ్ల జ్ఞాపకాలతో పుస్తకం వేయాలని సంఘం అనుకుంది. ఆ రోజు వంతు ఉపాధ్యక్షుడు శ్యాంసుందర్‌ది.

"తొంభై నాలుగులో వచ్చిన ప్లేగుకు ముందు ఏడాది సంగతి. విమానమంటే అప్పుడు పద్దెనిమిది సీట్ల డోర్నియర్. బొంబాయి నుంచి వచ్చేది. మైదానం పనులు మా కాంట్రాక్టు కంపెనీవి, నేను మేనేజర్ని. ఒక సాయంత్రం విమానం దిగబోతోంది. చూస్తే రన్‌వే మీద గేదెలు! నేనేమీ ఆలోచించలేదు. ఎర్రగుడ్డ పట్టుకుని పరుగెత్తాను. నన్ను చూసి పైలట్ విమానాన్ని మళ్లీ పైకి లేపాడు..."

గడుల్లోంచి చప్పట్లు వినపడ్డాయి.

"ఎవడు ఉరికిండు?" అంది వజ్రమ్మ. "గాయనా? గాయన ఉరికిండా?"

ఇందుజకు ఏమీ అర్థం కాలేదు. నానమ్మ ముప్పై ఏళ్లు విమానాశ్రయంలో ఊడ్చిందని తెలుసు, ఎడమ మోకాలి మీద జానెడు మచ్చ ఉందనీ తెలుసు. ఆ రెండింటికీ సంబంధం ఉందని వజ్రమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఆమె భర్త బిక్షపతి సిరిసిల్ల నుంచి వచ్చి పాండేసరాలో మగ్గాలు నడిపాడు. ఆ చప్పుడుకు తల పగిలిపోతోందని వజ్రమ్మ విమానాశ్రయంలో గడ్డికోత పనికి కుదిరింది. విమానం వచ్చినప్పుడు లోపల ఊడ్చే పనీ ఆమెదే. ఆ చిన్న విమానంలో నిటారుగా నిలబడే వీల్లేదు. నడుం వంచి, సీట్ల మధ్య చీపురు తోస్తూ, ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. అయినా అది ఆమెకు ఇష్టమైన పని. ఎక్కేవాళ్ల కన్నా ముందు అందులో అడుగుపెట్టేది తనే.

ఖాడీ వాగు వైపు కంచె తీగ తెగి నెల దాటింది. గేదెలు వస్తున్నాయని శ్యాంసుందర్‌కు మూడుసార్లు చెప్పింది. చూద్దామన్నాడు. ఆ సాయంత్రం ఏడు గేదెలు తాపీగా రన్‌వే ఎక్కాయి. కాపలావాడు లేడు. పైన విమానం చప్పుడు వినపడుతోంది. గడ్డిమోపు కట్టుకునే పాత ఎర్రచీర ముక్క విప్పి, దాన్ని ఊపుతూ వజ్రమ్మ విమానానికి ఎదురుగా పరుగెత్తింది. చక్రాలు కనిపించేంత కిందికి వచ్చాక అది ఒక్కసారిగా పైకి లేచింది. ఆ గాలికి ఆమె బోర్లా పడింది. మోకాలు చీలిపోయింది.

మర్నాడు శ్యాంసుందర్ ఒక కాగితం తెచ్చి, ఆస్పత్రి మందుల కోసమని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాడు. అందులో ఏముందో సాయంత్రానికి తెలిసింది. గడ్డి మేపడానికి గేటు తీసి గేదెలను లోపలికి తోలింది తానేనని వజ్రమ్మ ఒప్పుకున్నట్టు రాసి ఉంది. పని పోయింది. రెండు రోజులు పోలీసు స్టేషను మెట్ల మీద కూర్చోబెట్టారు. బమ్రోలిలో సాటి నేతవాళ్లే, బర్రెలోళ్ల దగ్గర పాలు మరిగి గేటు తీసిందట అని నవ్వుకున్నారు. ఏ చప్పుడు పడదని వదిలేసిందో ఆ మగ్గాల మధ్యే రెండేళ్లు కండెలు చుట్టింది.

తర్వాత కాంట్రాక్టు చేతులు మారింది. కొత్తవాళ్లు ఆమెను తీసుకున్నారు. చిన్న విమానం రావడం మానేసింది. ఇంకో కంపెనీ వచ్చింది, అదీ పోయింది. కొన్నేళ్లు రన్‌వే మీద ఎండ తప్ప ఏమీ దిగలేదు. మళ్లీ రెక్కలకు పంకాలున్న ఏటీఆర్ వచ్చింది, ఆ వెనక పెద్ద జెట్లు వచ్చాయి. వచ్చిన ప్రతి కంపెనీ బోర్డునూ తుడిచింది, పోయిన కంపెనీల బోర్డులు దించుతుంటే కింద పడ్డ మేకులు ఏరింది. విమానం ఎక్కడం మాత్రం ఎన్నడూ లేదు. 2020 మార్చిలో అన్నీ ఆగిపోయాయి. తిరిగి మొదలయ్యాక, యాభై అయిదు దాటినవాళ్లు రావద్దని కాంట్రాక్టరు కబురు పెట్టాడు. ఆమెకు యాభై ఎనిమిది.

ఇప్పుడు ఆ శ్యాంసుందర్ చప్పట్లు కొట్టించుకుంటున్నాడు.

"ఆడ నా మాట ఇనపడేటట్టు జెయ్," అంది. ఇందుజ మైకు నొక్కింది.

"ఓ శ్యాంసుందర్! ఉరికింది నేను. వజ్రమ్మను. తీగె తెగిందని మూడుమార్ల జెప్పిన. నువ్వు దొంగముద్ర ఏపిచ్చుకొని..."

అంతే. అవతలివాళ్లు మైకు ఆపి గొంతు నొక్కేశారు. రెండు నిమిషాల తర్వాత ఇందుజను గ్రూపులోంచే తీసేశారు.

"నానమ్మా, ఛోడ్ నా, వదిలెయ్," అంది ఇందుజ భయంగా. "బడే లోగ్, పెద్దోళ్లు. మనల్ని ఎవ్వరు నమ్మరు."

"నమ్మకుంటే మాయె. నేనైతే పోతున్న."

పిప్లోద్‌లో శ్యాంసుందర్ ఉండే బిల్డింగు గేటు దగ్గర కాపలావాడు బయటివాళ్లను రానివ్వనని చెయ్యి అడ్డం పెట్టాడు. "కరోనా హై. బాహర్ వాలా నహీ చలేగా." వజ్రమ్మ గేటు ఊచలు పట్టుకుని పేరు పెట్టి పిలిచింది. నాలుగో పిలుపుకు రెండో అంతస్తు బాల్కనీలోకి శ్యాంసుందర్ వచ్చాడు. మొహానికి మాస్కు, చేతిలో కాఫీ గ్లాసు.

"ఏంటమ్మా ఈ గోల? అందరూ వింటున్నారు."

"ఇననీ. నా ఇజ్జత్ పోయినప్పుడు గూడ అందరు ఇన్నరు."

"సరే, పుస్తకంలో నీ పేరూ వేయిస్తాలే. గడ్డి కోసే వజ్రమ్మ కూడా సాయం చేసిందని."

"సాయమా? గా పొద్దు నువ్వేడున్నవ్? కాపలావాన్ని స్కూటర్ మీద ఎక్కిచ్చుకొని డుమస్ సముద్రం కాడ భజియాలు తిన పోయినవ్. నా పేరొద్దు నీ పుస్తకంల. నువ్వు రాసింది అబద్ధమని రాయి, సాలు."

పక్క బాల్కనీల్లో తలుపులు తెరుచుకున్నాయి. శ్యాంసుందర్ గ్లాసు గోడ మీద పెట్టి ముందుకు వంగాడు.

"కాగితం మీద వేలిముద్ర ఎవరిది? నీదేగా! ఇంకోసారి వస్తే పోలీసులకు ఫోన్ చేస్తా."

"జెయ్. నాకు ఠాణా మెట్లు కొత్త గాదు."

అతను లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆమె గంటసేపు గేటు దగ్గరే నిలబడింది. ఎవరూ బయటికి రాలేదు.

మూడో రోజు ఇందుజకు ఫోన్ వచ్చింది. శ్రీరాములు అనే ఆయన, బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనా ఆ మీటింగులో ఉన్నాడు. ఇందుజ ఫోను నానమ్మ చేతికిచ్చింది.

"అమ్మా, ఆ రోజు ఆ విమానంలో నేనున్నాను. మొదటిసారి ఎక్కానేమో, కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నాను. ఎర్రగుడ్డ ఊపింది ఆడమనిషే."

వజ్రమ్మ ఫోను చెవికి నొక్కుకుంది. "గా మాట గ్రూపుల జెప్పు సారూ."

ఆయన గొంతు తగ్గించాడు. "నేనూ శ్యాంసుందరూ ఒకే బిల్డింగమ్మా. పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాలి. ఈ వయసులో నాకు తగాదా ఎందుకు చెప్పు?"

"మరి నాకెందుకు జెప్తున్నవ్? ఉరికింది నేనని నాకు తెల్వదా?" అని ఫోన్ ఇందుజ ఒళ్లోకి విసిరేసింది. శ్యాంసుందర్ కన్నా ఈయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. వాడు అబద్ధం చెప్పాడు. ఈయన నిజాన్ని దాచుకున్నాడు.

ఏప్రిల్‌లో రెండో విడత కరోనా ఊరిని ఊడ్చేసింది. బమ్రోలి సందుల్లో అంబులెన్సు రాని రోజు లేదు. శ్రీరాములు పద్దెనిమిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడని ఇందుజ ఎక్కడో విని చెప్పింది. వజ్రమ్మ అయ్యో అనలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. సందు మొదటి నుంచి నడిచినందుకే ఆయాసపడుతున్నాడు. వజ్రమ్మ గడపలో నిలబడింది కానీ పక్కకు జరగలేదు.

"ఆస్పత్రిలో పక్క మంచాలు ఖాళీ అవుతుంటే నువ్వే గుర్తొచ్చావమ్మా," అన్నాడు.

"సచ్చిపోతనని భయమైతే గుర్తొచ్చిన్నా?"

"అవును," అన్నాడాయన. బుకాయించలేదు.

ఆమె అడిగింది, "పైకెల్లి నేనెట్ల కనపడ్డ?"

"చిన్నగా. చీమంత ఎరుపు. అది పక్కకు తప్పుకుంటుందనుకున్నాను. తప్పుకోలేదు. మా మీదికే వచ్చింది. విమానం లేచాక వెనక్కి తిరిగి చూశాను, నువ్వు పడి ఉన్నావు. ఎవరైనా లేపుతారేమోనని చూశాను. చుట్టూ మనిషన్నవాడు లేడు."

ఆ సాయంత్రం తన పక్కన ఎవరూ లేరన్న మాట ఇన్నేళ్లకు మరొకరి నోట విన్నది. వజ్రమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ముందు తుడుచుకోవడం ఇష్టంలేక కొంగుతో ముక్కు చీదింది.

"రాసియ్యి," అంది. "తెలుగుల, గుజరాతీల. పేరు, దస్కతు. లేకుంటే పో."

గడప బయట, తలుపు పక్కనున్న నీళ్ల డ్రమ్ము మూత మీద ఇందుజ నోటుబుక్కు పెట్టుకుని ఆయన రెండు పేజీలు రాశాడు. ఆయాసంతో రెండుసార్లు ఆగాడు. చివర ఇంటి నంబరు కూడా వేశాడు. అప్పుడు కూడా ఆమె కూర్చోమనలేదు. ఇందుజే లోపల్నుంచి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు ఆ కాగితాల నకలు తీయించి, వజ్రమ్మ మళ్లీ పిప్లోద్ వెళ్లింది. ఈసారి గేటు దగ్గర శ్రీరాములు నిలబడి కాపలావాడితో, "నా కోసం వచ్చింది," అన్నాడు. లిఫ్టు పక్కన టీకాల నోటీసులు అంటించే బోర్డు ఉంది. వజ్రమ్మ తెచ్చిన జిగురుతో రెండు పేజీలూ తన చేత్తోనే అంటించింది. ముడతలు పోయేదాకా అరచేత్తో రుద్దింది.

శ్యాంసుందర్ సాయంత్రానికి వాటిని చింపేశాడు. కానీ అప్పటికే నాలుగంతస్తులవాళ్లూ కూరగాయల సంచులతో లిఫ్టు కోసం నిలబడి చదివేశారు. ఎవరో ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. ఆ వారంలోనే అతను ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు, ఆరోగ్యం బాగాలేదని కారణం చెప్పాడు. క్షమించమని మాత్రం ఎవరితోనూ అనలేదు.

దసరాకు పుస్తకం వచ్చింది. పద్నాలుగు విమానాల ఫోటోలున్నాయి. గేదెల సంగతి మొత్తానికే తీసేశారు. సంఘం తరఫున ఇద్దరు వచ్చి, వచ్చే సభలో శాలువా కప్పుతామని వజ్రమ్మను పిలిచారు.

"మైకు నాకిస్తరా?" అని అడిగింది.

"మైకులో పెద్దలే మాట్లాడతారమ్మా," అన్నారు వాళ్లు.

"గట్లయితే శాలువా మీరే కప్పుకోండ్రి," అని వజ్రమ్మ తలుపు మూసింది.