వలిసె పువ్వు పెట్టిన కేకు

పెద్దమ్మ పోయిందని నాన్న మా హాస్టలుకి ఫోన్ చేసి చెప్పారు. "నాలుగు రోజుల జ్వరం. రేపు సాయంత్రం మట్టి చేస్తారు. బేగి రా" అన్నారు. కాసేపు ఆగి, "సూదులు తెచ్చుకోవడం మర్చిపోకు" అని కూడా అన్నారు. మా ఇంట్లో ఏ కబురైనా చివరికి ఆ మాట దగ్గరే ఆగుతుంది.

మర్నాడు పొద్దున్న రైలు ఎక్కాను. సొరంగాలు దాటి పైకి వచ్చేసరికి కొండవాలు చేలన్నీ వలిసె పూలతో పసుపుగా ఉన్నాయి. ఏటా ఆ పసుపు కనబడితే నాకు ఆకలి వేసేది. ఆ రోజు మాత్రం కిటికీ వైపు చూడలేకపోయాను.

ఆమె నాకు వరసకి పెద్దమ్మ కాదు. అరకులో మా కిరాణా కొట్టు వెనకే మా ఇల్లు. మొలెత్తు గోడ అవతల ఆమె ఇల్లు. మేము విజయనగరం వైపు నుంచి వ్యాపారానికి వచ్చినవాళ్ళం. ఆమె కొండ మనిషి, ఆదివారం చర్చికి వెళ్ళేది. అమ్మ ఆమెను అక్క వరసలో "అప్పా" అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది.

చిన్నప్పుడు ఏదో గెస్ట్‌హౌస్ వంటింట్లో పనిచేస్తూ ఆమె కేకులు నేర్చుకుంది. ఇంట్లో ఓవెన్ లేదు. పెద్ద ఇనప డేగిసాలో అడుగున ఏటి ఇసుక పోసి, దాని మీద పిండి గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పేర్చేది. ఆ ఇసుకను ఎప్పుడూ మార్చేది కాదు. "కొత్త ఇసకకి కంగారెక్కువ. పాత ఇసకైతే నిదానంగా కాలుద్ది" అనేది. క్రిస్మస్‌కి పది రోజుల ముందు నుంచి గోడ ఇవతల మా బట్టలకు కూడా కేకు వాసన పట్టేది.

నాకు ఎనిమిదో ఏట సుగరు వచ్చింది. "సిన్నపిల్లకి సుగరేటి?" అని వీధంతా ఆశ్చర్యపోయింది. రోజుకి రెండు సూదులు. మందు సీసా తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండలో ఉండేది. రోజూ పొద్దున్నే అమ్మ గాజు గొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచేది. నీలంగానే ఉంటే సుగరు లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం ఉన్నట్టు. ఇటుక రంగు వస్తే అమ్మ ముఖం కూడా మారిపోయేది. స్కూల్లో ఎవరి పుట్టినరోజైనా నేను చాక్లెట్ తీసుకుని జేబులో పెట్టుకునేదాన్ని. ఇంటికొచ్చాక అమ్మ చేతిలో పెట్టేదాన్ని. ఆ చాక్లెట్లు తర్వాత ఏమయ్యేవో నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఏడు క్రిస్మస్ ముందురోజు పెద్దమ్మ నన్ను గోడ మీంచి పిలిచింది. "ఇలా రాయే గుంటా. ఇందులో పంచదార నేదు, మైదా నేదు. సోడిపిండి, కొండ తేనె. నీకోసమే సేసేను."

ఆ రాగి పిండి కేకు సంగతి చెబుతున్నప్పుడు ఆమె ముఖం ఎంత వెలిగిందో నాకు ఇంకా గుర్తే. మా కొండల్లో తేనె అంటే మందు. దగ్గుకి తేనె, పుండుకి తేనె, బాలింతకి తేనె. అడవి ఇచ్చింది చెడు చేస్తుందని ఇక్కడ ఎవరూ అనుకోరు. రోగం వచ్చేది కొట్లో కొన్న పంచదార వల్ల అనుకుంటారు. అమ్మ కూడా అలాగే అనుకుంది. నేను మూడు ముక్కలు తిన్నాను. సాయంత్రం ఇంకో రెండు.

తెల్లారేసరికి గొట్టం ఇటుక రంగుకి తిరిగింది. మధ్యాహ్నానికి వాంతులు. పండగ రోజు జీపు దొరకబుచ్చుకుని నాన్న నన్ను కొండ కింద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మేము తిరిగి వచ్చేసరికి నాలుగు రోజులైంది. పెద్దమ్మ మా గుమ్మం బయట నిలబడి ఉంది. అమ్మ ఆమెను లోపలికి రమ్మనలేదు.

"అప్పా, నీకు దండం పెడతాను. ఇంకెప్పుడూ దానికేటీ పెట్టకు" అంది.

పెద్దమ్మ తల ఊపి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా నెలలు గోడకి అటు ఇటు మాటల్లేవు. నిజానికి తప్పులో సగం అమ్మది కూడా. తేనెతో ఏమీ కాదనుకుని తనూ నన్ను తిననిచ్చింది. అందుకే అంత కోపం వచ్చిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

పెద్దమ్మ ఆ నెలల్లో ఏం చేసిందో మాకు తర్వాత తెలిసింది. సంత రోజున ఆసుపత్రి నర్సమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చునేదట. ఏం తింటే సుగరు పెరుగుతుంది, ఏం తింటే అంతగా పెరగదు అని ఒక్కొక్కటే అడిగేదట. సోళ్ళు, బెల్లం, తేనె, అరటిపండు అన్నీ పెంచేవేనని విన్న రోజు, "అయితే నానే ఆ గుంటని సంపబోయేనన్నమాట" అని అక్కడే ఏడ్చిందట.

వానలు తగ్గాక ఒక పొద్దున్న ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో అడ్డాకు పొట్లం. అమ్మ వైపు చూడకుండా గడప వైపు చూస్తూ మాట్లాడింది.

"ఏరుసెనగ్గుళ్ళు, కొబ్బరి, గుడ్లు, ఎన్న. తీపికి మందుల కొట్లో అమ్మే సుగరోళ్ళ బిళ్ళ. ఇంకేటీ నేదు. ఓ సిన్న ముక్క పెట్టు. నువ్వే గొట్టం కాయి. ఎర్రగయితే నాను మల్లీ నీ గడప తొక్కను."

అమ్మ పొట్లం అందుకుంది.

నిజం చెప్పాలంటే ఆ మొదటి కేకు ఘోరంగా ఉంది. పిడకలా చదునుగా, నాలిక మీద కుంకుడుకాయ రసం పోసినట్టు చేదుగా ఉంది. ఆ బిళ్ళ కాలితే వచ్చే చేదు అది. మా వీధి కుక్కకి వేస్తే వాసన చూసి నా ముఖంలోకి చూసింది. కానీ ఆ రోజు గొట్టం ఎర్రబడలేదు. గోడ మీంచి మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

"సుగరు సంగతి సరేనప్పా, దీన్ని తినేదెవరు?"

"నీ నాలికకి అన్నీ ఒంకలే. నువ్వు తినక్కర్నేదులే."

ఆమె నెల రోజులు ప్రయత్నించింది. ఏలకులు వేసింది. నారింజ తొక్క తురిమి వేసింది. చేదు పోలేదు. ఒకరోజు పెరట్లో ఎండిన తన కాఫీ గింజలు వేయించుకుంటూ ఆగిపోయిందట. ఆ డికాషను చిక్కగా తీసి పిండిలో కలిపింది. గుడ్లసొన నురగ వచ్చేదాకా గిలక్కొట్టింది. ఈసారి కేకు పొంగింది. చేదు ఉంది, కానీ అది కాఫీ చేదు. ఇష్టపడి తాగే చేదు.

"సేదుని తీపి కప్పనేదే. సేదుకి సేదే సుట్టం" అంది.

మర్నాడు గొట్టం చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. నీలం రంగు కొద్దికొద్దిగా మారింది.

"ఆకుపచ్చగుందప్పా" అంది అమ్మ భయంగా.

"కొంచెం పచ్చే కదేటి. అడివంతా పచ్చే, సచ్చిపోనాదా?"

అమ్మ పకపకా నవ్వింది. ఆ ఏడాదిలో ఆమె అలా నవ్వడం అదే మొదలు.

ఆ క్రిస్మస్‌కి చర్చి ఆవరణలో పిల్లలందరితో పాటు నాకూ అడ్డాకు విస్తరి వేశారు. అందరి కేకులూ, నాదీ ఒకే రంగు. కలిసిపోకుండా నా ముక్క మీద పెద్దమ్మ ఒక వలిసె పువ్వు పెట్టింది. పక్కన కూర్చున్న పిల్ల "నాకూ పువ్వు కేకు కావాలి" అని ఏడిచి, ఒక కొరుకు కొరికి, ముఖం చిట్లించి తిరిగి ఇచ్చేసింది. నాకు గర్వంగా అనిపించింది. అన్నాళ్ళూ అందరి దగ్గరా ఉన్నది నా దగ్గర లేదు. ఆ రోజు నాదైనది ఇంకెవరికీ అక్కర్లేదు.

తర్వాత ప్రతి పండక్కీ ఏదో ఒకటి ఉండేది. మా దీపావళికి అమ్మ పూజ గదికి గుడ్డు తగలకూడదని, పెద్దమ్మ వేయించిన నువ్వులూ కొబ్బరీ దంచి ఉండలు చేసి పంపేది. వేసవిలో కొబ్బరి పాలు, గుడ్డు కలిపి ఆవిరి మీద జున్నులా ఉడికించేది. ఒకసారి చుట్టాలావిడ ఎవరో "ఈ కేకు తింటే సుగరు రాదటగా, ఇంక సూది ఎందుకు?" అంటే పెద్దమ్మ మండిపడింది. "కేకు కేకే, సూది సూదే. ఒకదాని పని ఇంకోటి సెయ్యదు." నాకు ముక్క పెట్టే ముందు ఎప్పుడూ అడిగేది, "సూది ఏసుకున్నావేటే?" అని.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాక మాటలంటే నాకు పిచ్చి పట్టింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మంచి మంచి విశేషణాలు వెతికి పెట్టుకున్నాను. ఆమె పక్కన పెడితే ఒక్కటీ నిలబడలేదు. అన్నీ కొట్టేశాను. తన వల్ల ఒక పిల్లకి కీడు జరిగిందని తెలిశాక చాలామంది దూరంగా తప్పుకుంటారు. ఆమె మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. నాకు తెలిసింది ఇంతే.

నేను రైలు దిగిన ఆ సాయంత్రం మట్టి వేసి వచ్చాక పెద్దమ్మ కోడలు గోడ దగ్గరికి వచ్చింది. ఇసుకతో సహా ఆ డేగిసాను రెండు చేతులా మోసుకొచ్చి అమ్మకి అందించింది.

"అత్త జరంలో సెప్పింది పిన్నీ. ఇది పక్కింటికి ఇచ్చీమంది. నాకు సేతకాదు, నువ్వు సూసేవు కదా."

అమ్మ దాన్ని దించి, లోపలి ఇసుకను అరచేత్తో సమంగా సర్దింది.

క్రిస్మస్ సెలవులకి నేను మళ్ళీ ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో గొంతుక్కూర్చుని, మూత మీద నిప్పులు విసురుతోంది. కళ్ళు పొగకి ఎర్రబడ్డాయి. కొంగుకి పిండి అంటింది. అప్పటికి చేలు కోతకొచ్చేశాయి. ఎక్కడ వెతికి తెచ్చిందో, పక్కన స్టీలు గ్లాసులో ఒక్క వలిసె పువ్వు, కేకు చల్లారేదాకా నీళ్ళలో నిలబడి ఉంది.