తంబూరకు కొట్టిన ఇత్తడి రేకు

మా ఊరి భజన తంబూర మా ఇంట్లోనే ఉండేది. దాన్ని వాయించేది నా పెనిమిటి, ఊరికి దానమిచ్చింది పటేలు. ఇచ్చినవాడు ఊరికే ఉంటాడా? తంబూర సొరకాయ బుర్ర మీద అరచేయంత ఇత్తడి రేకు పెట్టి, దాని మీద తన పేరు చెక్కించి నాలుగు మేకులు కొట్టించాడు. నాకప్పుడు అక్షరాలు రావు. చాలా ఏళ్లకు నేర్చుకుని కూడబలుక్కుంటూ చదివితే తెలిసింది, అందులో దేవుడి పేరు లేనే లేదని. ప్రతి శనివారం భజనకు ముందు ఆ రేకును మా అత్త పసుపు నీళ్లతో కడిగి బొట్టు పెట్టేది. తంబూరకు పూజ ఆ తర్వాతే.

ఒక ఏడు శ్రీరామనవమికి వారం ముందు తంబూర గొంతు చెడింది. తీగ మీటితే నాదంతో పాటు జిర్రుమని మోత, తేనెటీగ డబ్బాలో పడ్డట్టు. పండుగకు పటేలు మైకు తెప్పిస్తున్నాడు. ఆ జిర్రు మైకులో ఎంతవుతుందోనని అందరికీ దడ.

తీగ తప్పన్నాడు భజన పెద్ద. నా పెనిమిటి ఆలేరు పోయి కొత్త తీగ తెచ్చాడు. అదీ జిర్రుమంది. తీగ కింది చెక్క అరిగిందన్నాడు పెద్ద. దాన్ని గీకి నున్నగా చేశారు. జిర్రుమంది. బుర్రలో పురుగు పడ్డదన్నాడు. వేపాకు పొగ పెడితే మేమందరం దగ్గాం, తంబూర మాత్రం జిర్రుమంది.

ఇంకేం మిగిలింది? ఇంట్లో కోడలు మిగిలింది.

"ఊడ్సెటప్పుడు దానికి కొంగు తాకిచ్చింది. గందుకే దాని గొంతు బోయింది," అంది మా అత్త.

"నేను తాకలేదత్తా."

"తాకకుంటె గది ఉత్తగనే మొత్తుకుంటదా?"

భజన పెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఎల్లుండి పిల్లను తల్లిగారింటికి తోలుర్రి. అది పోయినంక మోత బందయితె ఎవరి తప్పో తెలుస్తది."

నా పెనిమిటి ఆ కొత్త తీగనే మళ్లీ బిగిస్తూ కూర్చున్నాడు. నేను పోయాక ఎందుకో ఆ మోత ఆగిందంటే, నన్ను మళ్లీ ఆ గడప తొక్కనిచ్చేదెవరు?

మర్నాడు మధ్యాహ్నం అత్త చేనుకు పోగానే, "జర ఒక్కసారి మీటు," అన్నాను నా పెనిమిటితో.

"తాకుతవా ఏంది?" అన్నాడు బెదిరిపోయి.

"తాకకముందే తాకినన్నరు. ఇగ తాకితె పొయ్యేదేమున్నది?"

ఇసుర్రాయి తిప్పేటప్పుడు గూట్లో గిన్నెలు మోగితే, ఒక్కొక్కటే పట్టుకుని ఏది మోగుతుందో చూస్తాం. అదే పని చేశాను. ఆయన మీటుతున్నాడు. మెడ పట్టుకున్నాను, జిర్రు. తీగ చుట్టిన బిరడా పట్టుకున్నాను, జిర్రు. రేకు మీద బొటనవేలు ఆనించాను. మోత ఠక్కున ఆగింది. వేలు తీస్తే మళ్లీ జిర్రు. వారం వారం పసుపు నీళ్లు తాగి మేకులు తుప్పుపట్టి వదులైపోయాయి. తీగను, చెక్కను, పురుగును, నన్ను అనుమానించినవాళ్లకు పటేలు పేరు మీద మాత్రం అనుమానం రాలేదు.

"రేకు పీకేద్దాం," అన్నాను.

"పటేలు పేరు పీకినంక మనలను ఊర్ల ఉండనిస్తడా?"

పాత చీర అంచు చింపి, మడతపెట్టి, కత్తిపీట మొనతో రేకు కిందికి కుక్కాను. ఆయన మీటాడు. నాదం ఒక్కటే పలికింది.

సాయంత్రం అది విని మా అత్త, "పొద్దున నేను కట్టిన నిమ్మకాయ పనిచేసింది," అంది. నా ప్రయాణం ఆగిపోయింది కాబట్టి నిమ్మకాయకే దండం పెట్టాను. నవమి నాడు పటేలు మైకు ముందు నిలబడి, "నా పేరున్నది గద, గందుకే గంత మంచిగ పలుకుతాంది," అన్నాడు. ఆడవాళ్ల మధ్య కూర్చున్న నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

తర్వాతి శనివారం అత్త పసుపు నీళ్ల చెంబు పట్టుకుని తంబూర దగ్గరికి వచ్చింది. రేకు కింద నుంచి పచ్చ అంచు పోగు ఒకటి బయటికి కనబడుతోంది. నా పెనిమిటి దాన్ని గోటితో లోపలికి తోసి, తల్లికి అడ్డంగా కూర్చున్నాడు.

"ఇగ నీళ్లు వద్దమ్మా. పొడిబట్టతోని తుడువు."

"ఎందుకురా?"

"పటేలు పేరు అరుగుతాంది."

అత్త భయపడి చెంబు కింద పెట్టేసింది.